ఆ రంగుకి తెలుగులో అర్థం చెప్పగలరా?

రెండు గీతలు గీసి మధ్యలో రంగు నింపడం ఇప్పుడు మన బ్రాంచ్‌లో అందరికీ వచ్చిన విద్య. మ్యాట్‌ప్లాట్‌లిబ్‌లో 'ఫిల్ బిట్వీన్' అనే ఒక్క ఫంక్షన్ చాలు. ఎక్స్ విలువలు, కింది గీత, పై గీత ఇచ్చి, ఆల్ఫా 0.3 అని పెడితే లేత నీలం పట్టీ వచ్చేస్తుంది. అప్పటిదాకా రికార్డు బుక్కులో గ్రాఫ్‌లా ఉన్నది ఒక్కసారిగా రీసెర్చ్ పేపర్‌లో గ్రాఫ్‌లా కనిపిస్తుంది. మినీ ప్రాజెక్ట్ రిపోర్టులు, సెమినార్ స్లైడ్లు, హ్యాకథాన్ పోస్టర్లు, ఎక్కడ చూసినా ఇవే పట్టీలు.

పట్టీలంటే నాకూ ఇష్టమే. నా అభ్యంతరం ఒక్కటే. అది ఏంటని అడిగితే వచ్చే జవాబు ఇలా ఉంటోంది:

"ఆ బ్లూ ఏంట్రా?"

"కాన్ఫిడెన్స్ ఇంటర్వెల్ మావా."

"అంటే?"

"అంటే... మోడల్ ఎంత కాన్ఫిడెంట్‌గా ఉందో అది."

కాదు. మోడల్ ధీమాకీ ఆ పట్టీకీ సంబంధం లేదు. కానీ సంభాషణ అక్కడితో ఆగిపోతుంది, ఎందుకంటే 'కాన్ఫిడెన్స్ ఇంటర్వెల్' అనగానే అడిగినవాడికి ఇంకో ప్రశ్న వేయడానికి మొహమాటం.

అందుకే నా ప్రతిపాదన ఇది. గ్రాఫ్‌లో రెండు గీతల మధ్య రంగు నింపినవాళ్లు ఆ రంగు అర్థాన్ని ఒక్క తెలుగు వాక్యంలో చెప్పగలగాలి. చెప్పలేకపోతే రంగు తీసేయాలి.

తెలుగులోనే ఎందుకు? భాషాభిమానం ఒక్కటే కారణం కాదు. నేను ఎల్‌కేజీ నుంచీ ఇంగ్లిష్ మీడియమే. మనకి ఇంగ్లిష్‌లో ఒక సౌకర్యం ఉంది: అర్థం కాకపోయినా పదం వాడేయొచ్చు. 'స్టాండర్డ్ డీవియేషన్', 'వేరియన్స్', 'ఇంటర్వెల్' అని వరసగా పేర్చితే వాక్యం తయారవుతుంది, వైవా గడుస్తుంది. తెలుగులో ఆ సౌకర్యం లేదు. ఇంట్లో అమ్మకో, కామర్స్ చదివే చెల్లికో చెప్పాలంటే 'ఏది', 'దేనికన్నా', 'ఎన్నిసార్లు చేస్తే' అని విడమర్చక తప్పదు. అలా విడమర్చేటప్పుడే మనకి తెలిసింది ఎంతో, తెలిసినట్టు నటిస్తున్నది ఎంతో బయటపడుతుంది.

రంగు లోపలే రాసిన మనిషి

గీతల మధ్య రంగు నింపడం పైథాన్‌తో వచ్చింది కాదు. విలియం ప్లేఫెయిర్ అనే స్కాట్లండ్ మనిషి 1786లో 'కమర్షియల్ అండ్ పొలిటికల్ అట్లాస్' అనే పుస్తకం వేశాడు. అంతకుముందు ఆవిరి యంత్రాల జేమ్స్ వాట్ దగ్గర డ్రాఫ్ట్స్‌మన్‌గా పనిచేసినవాడు. మనం లైన్ గ్రాఫ్ అంటున్న దాన్ని వ్యాపార లెక్కలకి వాడి ప్రచారంలోకి తెచ్చింది ఆయనే.

ఆ అట్లాస్‌లో బాగా పేరున్న చార్టు ఒకటుంది. 1700 నుంచి 1780 వరకు డెన్మార్క్, నార్వేలతో ఇంగ్లండ్ చేసిన వ్యాపారం అది. ఒక గీత దిగుమతులు, ఇంకోటి ఎగుమతులు. మొదటి సగంలో దిగుమతుల గీత పైన ఉంటుంది. 1750ల మధ్యలో రెండూ ఒకదాన్నొకటి దాటుతాయి. అక్కడి నుంచి ఎగుమతులు పైకి వెళ్లిపోతాయి. ప్లేఫెయిర్ ఆ రెండు భాగాలకీ వేరువేరు రంగులు వేయించాడు. అప్పట్లో ఆ రంగులు చేత్తో అద్దేవారు.

నాకు నచ్చింది రంగులు కాదు. ఎడమవైపు రంగు లోపల 'ఇంగ్లండ్‌కి వ్యతిరేకంగా ఉన్న తేడా' అనే అర్థం వచ్చేలా, కుడివైపు రంగు లోపల 'ఇంగ్లండ్‌కి అనుకూలంగా ఉన్న తేడా' అనే అర్థం వచ్చేలా ఇంగ్లిష్‌లో రాసిపెట్టాడు. లెజెండ్ మూలన వెతుక్కోనక్కర్లేదు. రంగు దేని గురించో రంగే చెబుతుంది. రెండు వందల నలభై ఏళ్ల కింద చేత్తో రంగులద్దుతూ ఆ మనిషి చేసిన పని, ఒక్క లైన్ కోడ్‌తో అయిపోయే మనం చేయట్లేదు.

ఒకే ఫంక్షన్, మూడు మాటలు

అసలు ఇబ్బంది ఎక్కడుందంటే, ఒకే 'ఫిల్ బిట్వీన్' మూడు వేరువేరు మాటలు చెబుతుంది. చూడ్డానికి మాత్రం మూడూ ఒకేలా ఉంటాయి.

మొదటిది తేడా. ప్లేఫెయిర్ చార్టు ఈ రకం. రెండు గీతలూ నిజంగా కొలిచినవే, మధ్యలో ఉన్నది ఒకదానికి ఇంకోదానికి ఉన్న ఎక్కువతక్కువ. ఒక్కోసారి ఆ రంగు వైశాల్యానికి కూడా విలువ ఉంటుంది. ఒక హాస్టల్ మీద సోలార్ ప్యానెళ్లు ఉన్నాయనుకుందాం. మధ్యాహ్నం 12 నుంచి 2 వరకు ప్యానెళ్లు 30 కిలోవాట్లు ఇస్తున్నాయి, హాస్టల్ 20 కిలోవాట్లు వాడుతోంది. గీతల మధ్య తేడా 10 కిలోవాట్లు, రెండు గంటలు. అంటే ఆ రంగు ముక్క అచ్చంగా 20 యూనిట్ల కరెంటు. బిల్లులో కనిపించే యూనిట్లే. ఇక్కడ రంగు నింపకపోతేనే తప్పు.

రెండోది ఊగిసలాట. ఇక్కడ కొలిచింది ఒక్క గీతే, లేదా చాలా కొలతల సగటు. పైనా కిందా ఉన్న అంచులు మనం లెక్కగట్టి గీసినవి. ఈ రంగు వైశాల్యానికి ఏ అర్థమూ లేదు. ఒక్కో చోట నిలువు ఎత్తు మాత్రమే మాట్లాడుతుంది.

మూడోది హద్దు. 'ఇక్కణ్ణుంచి ఇక్కడిదాకా ఉంటే ఫర్వాలేదు' అని ముందే ఎవరో నిర్ణయించిన పట్టీ. మన దేశంలో ద్రవ్యోల్బణానికి 4 శాతం లక్ష్యం, అటూ ఇటూ 2 శాతం వెసులుబాటు అని పెట్టుకున్నారు. 2 నుంచి 6 వరకు రంగు వేస్తే అది డేటాలోంచి పుట్టిన రంగు కాదు, ఒక నిర్ణయంలోంచి పుట్టిన రంగు.

తేడా, ఊగిసలాట, హద్దు. మూడిటికీ అదే లేత నీలం, అదే 0.3 ఆల్ఫా. చూసేవాడు ఏదనుకోవాలి?

ఐదు రన్నులు, మూడు పట్టీలు

మన రిపోర్టుల్లో ఎక్కువగా కనిపించేది రెండో రకం కాబట్టి కాస్త ఆగి చూద్దాం. ఒక మోడల్‌ని ఐదు వేరే రాండమ్ సీడ్లతో ఐదుసార్లు ట్రెయిన్ చేశాం అనుకోండి. సగటు అక్యురసీ 88 శాతం. స్టాండర్డ్ డీవియేషన్ 4 వచ్చింది.

స్టాండర్డ్ డీవియేషన్ పట్టీ వేస్తే అటూ ఇటూ 4. స్టాండర్డ్ ఎర్రర్ పట్టీ వేస్తే 4ని ఐదు వర్గమూలంతో భాగించాలి, సుమారు 1.8. 95 శాతం కాన్ఫిడెన్స్ ఇంటర్వెల్ వేస్తే, శాంపిళ్లు ఐదే కాబట్టి టీ టేబుల్ చూసి 2.776తో గుణించాలి, దాదాపు 5. అదే డేటా, అవే ఐదు రన్నులు. పట్టీ ఎత్తు మాత్రం ఒకచోట 3.6, ఒకచోట 8, ఒకచోట 10. ఏది వేశామో రాయకపోతే, చూసేవాడికి మన మోడల్ నిలకడగా ఉందో ఊగుతోందో ఎలా తెలుస్తుంది? నిలకడగా కనిపించాలనుకునేవాడు సన్నటి పట్టీ వేసి పేరు రాయకుండా వదిలేస్తాడు. అది అబద్ధం కాదంటాడు. నిజం కూడా కాదు.

ఇప్పుడు నా తెలుగు పరీక్ష పెడదాం.

స్టాండర్డ్ డీవియేషన్: "ఐదుసార్లు ట్రెయిన్ చేస్తే అక్యురసీ సగటు నుంచి మామూలుగా ఇంత అటూ ఇటూ ఊగింది."

స్టాండర్డ్ ఎర్రర్: "మళ్లీ మళ్లీ ఇలా ఐదేసి రన్నులు చేస్తూ పోతే, వచ్చే సగటులు మామూలుగా ఇంత ఊగుతాయని అంచనా."

95 శాతం కాన్ఫిడెన్స్ ఇంటర్వెల్: "ఈ ప్రయోగం మొత్తాన్ని ఇలాగే నూరుసార్లు చేసి, ప్రతిసారీ ఇలా ఒక పట్టీ గీస్తే, వాటిలో సుమారు 95 పట్టీల్లో అసలు సగటు పడుతుంది."

మూడో వాక్యం రాయడానికి నాకు మొదటి రెండిటికన్నా ఎక్కువసేపు పట్టింది. అందులో మోడల్ ధీమా ఎక్కడా లేదు చూడండి. ఉన్నది మన పద్ధతి మీద నమ్మకం. ఇంగ్లిష్‌లో 'కాన్ఫిడెన్స్' అన్న మాట ఆ సంగతి దాచేస్తుంది.

ఇంకో మాట. మ్యాట్‌ప్లాట్‌లిబ్‌లో అయితే కనీసం కింది అంచు, పై అంచు మనమే ఇవ్వాలి. సీబార్న్‌లో 'లైన్‌ప్లాట్' వాడితే, ఒకే ఎక్స్ దగ్గర చాలా విలువలుంటే అది తనంతట తానే సగటు తీసి, బూట్‌స్ట్రాప్ చేసి, 95 శాతం పట్టీ నింపేస్తుంది. మనం అడగలేదు, అది వేసింది. దాన్ని మార్చాలంటే 'ఎర్రర్‌బార్' అనే ఆప్షన్ ఉంది, వద్దనుకుంటే తీసేయొచ్చు కూడా. "సీబార్న్ వేసింది" అనేది జవాబు కాదు. గ్రాఫ్ కింద పేరు మనది.

నా అభిప్రాయం అడిగితే, ఐదు రన్నులే ఉన్నప్పుడు పట్టీ ఎందుకు? ఐదు సన్న గీతలూ గీసేయండి. లేదా ఐదింటిలో తక్కువదానికీ ఎక్కువదానికీ మధ్య రంగు వేసి అదే మాట రాయండి. అందరికీ ఒక్క చూపులో అర్థమవుతుంది. పైగా సగటు 98, ఊగిసలాట 4 అయినప్పుడు పట్టీ 102 శాతం దాకా పాకుతుంది చూశారా, ఆ వింత కూడా తప్పుతుంది. 102 శాతం అక్యురసీ ఎవరి మోడల్‌కీ రాదు.

రంగు తప్పే చోట్లు

కోడ్ వైపు నుంచి రెండు విషయాలు చెప్పాలి. ఇవి అందానికి సంబంధించినవి అనుకుంటాం గానీ అర్థానికి సంబంధించినవి.

గీతలు ఒకదాన్నొకటి దాటే చోట లాభానికి ఆకుపచ్చ, నష్టానికి ఎరుపు వేయాలంటే 'వేర్' అనే ఆప్షన్ వాడతాం. పక్కపక్కనే ఉన్న రెండు పాయింట్ల దగ్గరా షరతు నిజమైతేనే అది ఆ మధ్య ముక్కని నింపుతుంది. ఒక పాయింట్‌లో లాభం, తర్వాతి పాయింట్‌లో నష్టం అయితే ఆ ముక్కకి ఆకుపచ్చా రాదు, ఎరుపూ రాదు. తెల్లగా మిగిలిపోతుంది. రోజువారీ డేటా అయితే కంటికి ఆనదు. నెలవారీ డేటా అయితే ఒక నెల వెడల్పు ఖాళీ. అదీ ఎక్కడ? లాభం నష్టంగా మారిన చోటే, అంటే చూసేవాడికి అన్నిటికన్నా ముఖ్యమైన చోటే. 'ఇంటర్‌పొలేట్' ఆప్షన్‌ని ట్రూ చేస్తే గీతలు కలిసే బిందువు కనిపెట్టి అక్కడిదాకా నింపుతుంది. కానీ అప్పుడు కూడా ఒక మాట ఒప్పుకుంటున్నాం: రెండు కొలతల మధ్య విలువ తిన్నగా నడిచిందని. ఒక తేదీన ఒక్కసారిగా మారే వడ్డీ రేటు లాంటివి తిన్నగా నడవవు, మెట్టులా ఎక్కుతాయి. వాటికి 'స్టెప్' ఆప్షన్ ఉంది.

రెండోది పారదర్శకత. రెండు మోడళ్లకి రెండు పట్టీలు, రెండిటికీ ఆల్ఫా 0.3. అవి కలిసిన చోట ముదురుతనం 0.51 అవుతుంది. మూడు కలిస్తే దాదాపు 0.66. కంటికి ఆ ముదురు ముక్కే ముందు కనిపిస్తుంది, అక్కడేదో ముఖ్యమైనది ఉన్నట్టు. నిజానికి అక్కడ ఉన్నది రంగు మీద రంగు, అంతే. పట్టీలు ఒకదాని మీద ఒకటి పడ్డాయి కాబట్టి రెండు మోడళ్లూ సమానమే అని తీర్పిచ్చేసేవాళ్లూ ఉన్నారు. అది కూడా తప్పే. రెండు 95 శాతం పట్టీలు కొంత కలిసినా, తేడాని విడిగా పరీక్షిస్తే అది నిజమైన తేడాగా తేలొచ్చు.

అందుకే తేడా చూపించాలనుకుంటే తేడానే గీయడం మేలు. ఈ మాట నాది కాదు. క్లీవ్‌లండ్, మెక్‌గిల్ అనే ఇద్దరు స్టాటిస్టిక్స్ పరిశోధకులు 1984లో, మనుషులు గ్రాఫులని ఎలా చదువుతారో పరిశీలిస్తూ ప్లేఫెయిర్ చార్టుల్లోనే ఒకటి తీసుకున్నారు. ఈస్టిండీస్‌తో ఇంగ్లండ్ వ్యాపారం చార్టు అది. రెండు వంపు గీతల మధ్య దూరాన్ని కన్ను నిలువుగా కొలవదు, దగ్గరి దారిన అడ్డంగా కొలుస్తుంది. గీతలు రెండూ ఏటవాలుగా పైకి లేస్తున్న చోట అవి దగ్గరపడినట్టు కనిపిస్తాయి, నిలువు తేడా మాత్రం పెరుగుతుండొచ్చు. ఆ ఇద్దరూ ఎగుమతి దిగుమతుల తేడాని విడిగా గీసి చూపిస్తే, అసలు చార్టులో కన్ను దాటేసిన ఒక ఎగుడు బయటపడింది. ప్లేఫెయిర్ అంతటివాడి చార్టులోనే అలా జరిగితే మన సంగతి చెప్పాలా?

రంగు బయట ఉన్నవాళ్లు

"ప్రాజెక్ట్ గ్రాఫ్‌కి ఇంత రాద్ధాంతమా" అని మీకు అనిపించొచ్చు. రంగు నింపిన పట్టీని చూసి మనుషులు ఇల్లు వదలాలా వద్దా అని నిర్ణయించుకునే సందర్భం ఒకటి ఉంది. అదీ మన తీరంలోనే.

బంగాళాఖాతంలో వాయుగుండం బలపడితే టీవీలో మ్యాప్ వస్తుంది. తుపాను దారి ఒక గీత, దాని చుట్టూ ముందుకు పోయేకొద్దీ వెడల్పయ్యే గరాటు లాంటి రంగు. మన వాతావరణ శాఖ అలాంటిది ఇస్తుంది, అమెరికా హరికేన్ సెంటర్ కూడా ఇస్తుంది. ఆ రంగు అర్థం ఏంటి? చాలామంది తుపాను సైజు అనుకుంటారు, రానురాను పెద్దదవుతోందని. అది తుపాను సైజు కాదు. తుపాను కేంద్రం ఏ దారిన పోవచ్చో దాని అంచనా. అమెరికా వాళ్ల లెక్కలో గత ఐదేళ్ల అంచనాల్లో జరిగిన పొరపాట్లు తీసుకుని, వాటిలో మూడింట రెండు వంతులు ఇమిడేంత వెడల్పు పెడతారు. అంటే మిగతా మూడో వంతు సార్లు కేంద్రం ఆ రంగు దాటి పోవచ్చు. గాలి, వాన, ఉప్పెన ఆ రంగు బయట కూడా ఉంటాయి. 'మా ఊరు రంగులో లేదు' అని తలుపేసుకుని పడుకుంటే?

దీనికి రివర్స్ కూడా జరిగింది. 2004 ఆగస్టులో ఫ్లోరిడాకి చార్లీ హరికేన్ వచ్చినప్పుడు మధ్య గీత టాంపా వైపు చూపిస్తోంది. చాలామంది చూపు ఆ గీత మీదే ఉంది. తుపాను మలుపు తిరిగి దక్షిణంగా పుంటా గోర్డా దగ్గర తీరం దాటింది. ఆ ఊరు రంగు లోపలే ఉంది. రంగు చెప్పాల్సింది చెప్పింది, కానీ దాని మాట చూసేవాళ్లకి చేరలేదు.

విశాఖలో, శ్రీకాకుళంలో 2014 హుద్‌హుద్ చూసిన ఇళ్ల నుంచి వచ్చినవాళ్లు మన క్లాసుల్లో ఉన్నారు. రేపు అలాంటి మ్యాప్ తయారుచేసే టీమ్‌లో మనలో ఒకరు ఉండొచ్చు. 'కోన్ ఆఫ్ అన్‌సర్టెనిటీ' అని రాస్తే మన పని అయిపోయినట్టేనా? "తుపాను మధ్య భాగం ఈ రంగులో ఎక్కడైనా నడవొచ్చు, ఒక్కోసారి దాటి కూడా పోవచ్చు, రంగు బయట ఉన్నా గాలివాన తప్పదు" అని రాస్తే వేటకి వెళ్లాలా వద్దా అని చూస్తున్న మనిషికి పనికొస్తుంది.

"స్లైడ్‌లో చోటు లేదు బ్రో"

దీనికి రెండు జవాబులు వస్తాయని నాకు తెలుసు. ఒకటి, చోటు లేదని. ప్లేఫెయిర్ లాగా రంగు లోపలే రాయండి, అక్కడ ఖాళీయే కదా. మన రిజర్వ్ బ్యాంక్ పరపతి విధాన నివేదికలో ద్రవ్యోల్బణం అంచనాకి విసనకర్రలా విచ్చుకునే చార్టు వేస్తుంది, ముదురు నుంచి లేతకి మూడు రంగులతో. దాని కిందే ఆ రంగులు 50, 70, 90 శాతం అవకాశాలని, అంటే ఏమిటో కూడా నోట్ రాస్తుంది. అంత సీరియస్ రిపోర్టులో చోటు దొరికితే మన స్లైడ్‌లో దొరకదా?

రెండోది, "రివ్యూలో ఎవరూ అడగరు". నిజమే, అడగరు. గ్రాఫ్ చూసి తలూపి తర్వాతి స్లైడ్ అంటారు. కానీ అడగకపోవడం వల్లే ఈ అలవాటు ముదిరింది. సంక్రాంతికి ముగ్గు గీతల మధ్య రంగు నింపితే ఎవరూ అర్థం అడగరు, అడగక్కర్లేదు కూడా. అది అందం కోసం. గ్రాఫ్‌లో నింపితే అది ఒక మాట. మాట అన్నాక 'అంటే?' అని అడిగే హక్కు ఎదుటివాడికి ఉంటుంది.

కాబట్టి రివ్యూలో సార్లు, మేడమ్‌లు అడగకపోతే మనమే ఒకరినొకరం అడుగుదాం. ఈ సెమిస్టర్ ప్రాజెక్ట్ ప్రెజెంటేషన్లలో ఎవరి స్లైడ్‌లోనైనా గీతల మధ్య రంగు కనిపిస్తే చెయ్యెత్తి, "ఆ రంగేంటో తెలుగులో చెప్పన్నా" అనండి. సీనియర్ అయినా ఫర్వాలేదు. చెప్పగలిగితే మనకి ఒక మంచి తెలుగు వాక్యం దొరుకుతుంది, ఈ పత్రికకి పంపండి, వేసుకుందాం. చెప్పలేకపోతే ఆ ఫంక్షన్ ముందు ఒక హ్యాష్ గుర్తు పెడితే సరి.